ఏ పనియు చేసుకోలేక

నా సంతకం పెద్దది. ఇంటిపేరు పూర్తిగా రాసి, చివరి అక్షరం కింద నుంచి ఒక గీతను వెనక్కి లాగి, ఆ గీత కింద రెండు చుక్కలు పెడతాను. మా తాత ఊరి పెద్దగా పటేల్‌గిరీ చేసిన రోజుల్లో ఉర్దూలో పెట్టిన సంతకానికి అలాంటి గీతే ఉండేదట. మా నాయిన దాన్ని తెలుగులోకి తెచ్చుకున్నాడు. నా వంతుకు భూమి రాలేదు గానీ గీత వచ్చింది. మేడ్చల్‌లో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసిన పంతొమ్మిదేళ్లూ ఆ గీత స్లిప్పుల మీద నా గడి దాటి పక్కవాళ్ల గడిలోకి పోతూనే ఉంది. అందుకే నగరంలో ఒక అధికారి నా ముందు ఒక కాగితం పెట్టి "ఇది మీ సంతకమేనా" అని అడిగిన రోజు కాదనడానికి నాకు వీలు లేకపోయింది.

ఆ కాగితం సంగతి చెప్పాలంటే ముందు నా కాలు సంగతి చెప్పాలి.

హైవే పక్కన సర్వీస్ రోడ్డు మీద ఒక లారీ నా స్కూటర్‌ను పక్కకు నెట్టేసింది. తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. ఎముక అతుక్కుంది గానీ కుడికాలు కురచైపోయింది. ఆరు నెలలు మంచం మీదే ఉన్నాను. గుండ్లపోచంపల్లిలో మేము అద్దెకుండేది రెండు గదుల పోర్షన్. మంచం ముందు గదిలో వేశారు కాబట్టి వచ్చిపోయే వాళ్లందరికీ ముందు నేనే కనిపించేవాణ్ణి. శామీర్‌పేట చెరువు అవతల మా ఊళ్లో మా తాత కుర్చీ వేసుకుని కూర్చుంటే జనం అర్జీలు పట్టుకుని ఎదురుగా నిలబడేవాళ్లని చిన్నప్పుడు విన్నాను. ఆ భూమి కొంత కౌలుదార్లకు పోయింది, న్యాయంగానే పోయింది. కొంత అన్నదమ్ముల కేసుల్లో కరిగింది. మిగిలింది మా నాయిన వెంచర్ వాళ్లకు రాసిచ్చాడు. ఇప్పుడు అక్కడ ప్లాట్ల మధ్య ఒక సిమెంటు కమాను ఉంది. అవన్నీ పోయాక నా దగ్గర మిగిలిన నియమం ఒక్కటే. ఎవరినీ ఏమీ అడగకూడదు.

నా భార్యకు అలాంటి నియమాలు పెట్టుకునే తీరిక లేదు. ఆమె చీరలకు ఫాల్స్ కుడుతుంది. నేను మంచం మీద ఉన్న అయిదో నెలలో నన్ను ఆటోలో ఆస్పత్రి క్యాంపుకు తీసుకుపోయి వికలాంగుల సర్టిఫికెట్ చేయించింది. తరువాతి సోమవారం శామీర్‌పేటలో కలెక్టర్ ఆఫీసుకు అర్జీలు ఇచ్చే రోజున ఒక్కతే పోయింది. పోయే ముందు నా చేతికి ఒక తెల్లకాగితం ఇచ్చింది. మూడు రోజుల ముందే అక్కడి జిరాక్స్ దుకాణం పక్కన కూర్చునే అర్జీల ఆయనతో పింఛను కోసం రాయించుకొచ్చిన కాగితం.

"ఒక్కసారి చదువుకోండ్రి," అంది.

"నువ్వు చదివినవ్ గదా."

"చదివిన. అందరికీ గిట్లనే రాస్తడంట. గట్ల రాస్తెనే పెద్దసార్లు సూస్తరంట."

నేను చదవలేదు. అడుక్కునే మాటలు నా కళ్లబడకూడదని ముఖం గోడవైపు తిప్పుకుని, ఆమె వేలు పెట్టి చూపించిన చోట తడుముకుంటూ సంతకం చేశాను. చూడకుండా చేసినా గీత సరిగ్గానే వచ్చింది, రెండు చుక్కలతో సహా. ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆ రోజు తిరిగి వచ్చాక ఏమైందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మరో నెలకు కర్ర పట్టుకుని నడవగలిగాను. డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని ఫ్యాక్టరీకి పోయాను. సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు భీమవరం వైపు మనిషి, బహదూర్‌పల్లిలో కొత్త కాలనీలో ఉంటాడు. మర్యాద తెలిసినవాడు. లేచి నిలబడి నాకు కుర్చీ చూపించాడు.

"మీరు పెద్దవారండీ. ఆ కాలితో మిమ్మల్ని ర్యాకుల మధ్య నిలబెట్టి పని చేయించుకుంటే మాకే బాగోదండీ. స్టోర్స్ అంటే నిలబడే పనే కదండీ. ఇంటి దగ్గర రెస్ట్ తీసుకోండి. మీ లెక్కలన్నీ ఆఫీసు వాళ్లే పంపిస్తారు."

రెండు మాటలు చెప్పవలసింది. పని చేయగలను, ఒక ఎత్తు స్టూలు ఇప్పించండి, కింది అర నుంచి సామాను తీయడానికి ఒక మనిషిని తోడివ్వండి అని. అవి నోటిదాకా వచ్చాయి. వాటి చివర 'ఇప్పించండి' అనే మాట ఉంది. నేను "సరే" అని లేచి వచ్చాను.

గేటు దగ్గర ప్యాకింగ్‌లో పనిచేసే అక్క ఎదురైంది. నన్ను పటేల్ సాబ్ అని పిలిచేది ఫ్యాక్టరీలో ఆమె ఒక్కతే. అందులో సగం గౌరవం, సగం వేళాకోళం.

"ఏమన్నడు పటేల్ సాబ్?"

"రెస్ట్ తీసుకోమన్నడు."

"గా పెయింట్ షాపుల ఎత్తు స్టూలు ఊకెనే పడున్నది. అడుగకపోయినవా?"

నేను కర్ర ముందుకు వేసి గేటు దాటాను.

"అడుగవు. నువ్వు అడుగుతవా. నువ్వు గా స్టూలు మీదికెల్లి పడితెనన్న బాగుండు, కంపెనీల దెబ్బ తాకిందని ఉంచుకుందురు," అని నా చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా తీసుకుని బస్సుదాకా నడిచి వచ్చింది. తరువాత అల్వాల్‌లో ఒక లాయరమ్మ ఉందని మా ఇంటికొచ్చి నా భార్యకు చెప్పింది కూడా ఆమే.

లాయరమ్మ ఆఫీసు ఒక టిఫిన్ సెంటర్ పైన ఉంటుంది. మెట్లు పన్నెండు. నేను ఎక్కేదాకా ఆమె పై మెట్టు మీద నిలబడి ఓపికగా చూసింది. వికలాంగుడు అయ్యాడని మనిషిని పనిలోంచి తీసేయకూడదని, చేయడానికి వీలుగా చిన్న చిన్న ఏర్పాట్లు చేసి ఉంచుకోవాలని చట్టం చెప్తుందని వివరించింది. ఫిర్యాదు రాసింది. అందులో 'నేను స్టోర్స్ పని చేయగలను' అని ఉంది. దాన్ని మాత్రం నేను రెండుసార్లు చదివి, తృప్తిగా సంతకం పెట్టాను.

నగరంలో, వికలాంగుల ఫిర్యాదులు వినే కార్యాలయంలో మొదటి విచారణ జరిగింది. నా భార్య వెనుక బెంచీ మీద కూర్చుంది. కంపెనీ తరఫున వచ్చిన ఆఫీసరు మర్యాదగానే తన ఫైలు తెరిచి ఒక కాగితం ఫిర్యాదు వినే అధికారి ముందు పెట్టాడు. పింఛను అర్జీ మీద విచారణలో భాగంగా, ఈయన ఇంకా మీ దగ్గర పనిచేస్తున్నాడా అని అడుగుతూ కలెక్టర్ ఆఫీసు నుంచి కంపెనీకి లేఖ వచ్చిందట. లేఖతో పాటు అర్జీ నకలు కూడా వచ్చింది. పింఛను ఇంకా రాలేదు గానీ అర్జీ మాత్రం నాకంటే ముందు అక్కడికి చేరింది.

అధికారి పైకి చదివాడు. నెమ్మదైన గొంతు, ప్రతి అక్షరం వినబడింది.

"నేను నడవలేక, నిలబడలేక, ఏ పనియు చేసుకోలేక, పరుల దయాదాక్షిణ్యములపై ఆధారపడి జీవించుచున్నాను. కావున తమరు దయతలచి..."

ఆ మాటలు నేను వినడం అదే మొదటిసారి. ఉద్యోగం పోతుందన్న భయం తరువాత వచ్చింది. ముందుగా తగిలింది 'పరుల' అన్న మాట. ఇన్ని నెలలూ నన్ను లేపింది, కూర్చోబెట్టింది వెనుక బెంచీ మీద ఉన్న మనిషి. ఆమె పరులా?

"మేమనడం లేదండీ," అన్నాడు ఆఫీసరు. "ఆయనే అన్నారు. పింఛను దగ్గర ఏ పనీ చేయలేనని, ఇక్కడేమో చేయగలనని. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం అవ్వాలి కదండీ."

అప్పుడే అధికారి సంతకం గురించి అడిగాడు. నాదేనన్నాను. చదివే పెట్టారా అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు లాయరమ్మ లేచి గడువు అడిగింది. రెండు వారాలు ఇచ్చారు.

లోకల్ రైల్లో మాకు ఎదురెదురు సీట్లు దొరికాయి. అల్వాల్ దాటేదాకా నా భార్య కిటికీలోంచి బయటికే చూసింది.

"నేనే రాయించిన," అంది చివరికి. "గదే చెప్పుండ్రి. మా ఇంటామె చేయించింది, నాకు తెల్వదు, నేను సోయిల లేనని చెప్పుండ్రి. నాకేం గాదు."

"సంతకం నాది."

"సంతకం మీదే గానీ మాట నాది గదా."

"నీది గాదు. గా జిరాక్స్ దుకాణం కాడ కూసునే ఆయనది."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. ఆ బోగీలో అందరూ చూస్తుండగా నేను లేచి ఆమె పక్కకు మారి కూర్చున్నాను. కదిలే రైల్లో అలా లేవడం డాక్టరు వద్దన్న పని.

మర్నాడు లాయరమ్మ అర్జీ నకలునూ సర్టిఫికెట్‌నూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. మాకు చాయ్ తెప్పించి తను తాగలేదు.

"సార్, ఒకటి చెప్పుండ్రి. పింఛనుకు ఏం కావాలె? సర్టిఫికెట్ కావాలె, అంతే. నువ్వు పనిచేస్తవా చెయ్యవా అని గా ఫారంల ఎక్కడన్న అడిగిండ్రా?"

"నేను ఫారం చూడలేదమ్మా."

"చూడకనే గదా గీ పరేషాన్. గా తెల్లకాగితం ఎవ్వరడుగలే. ఎవ్వరడుగని మాట ఎవ్వరో రాసిండ్రు, మీరు సంతకం పెట్టిండ్రు." ఆమె నా భార్య వైపు తిరిగింది. "అక్కా, నువ్వు బాధపడకు. నా దగ్గరికొచ్చే పదిమందిల ఎనిమిదిమంది గిట్లనే రాయించుకొస్తరు."

తరువాత మెల్లగా విప్పి చెప్పింది. మంచం మీద ఉన్న నెలలో పని చేయలేను అనడం అబద్ధం కాదు. స్టూలు లేకుండా, సాయం లేకుండా పని చేయలేను అనడం కూడా అబద్ధం కాదు. స్టూలు ఇస్తే, సాయమిస్తే చేయగలను అనడం నిజం. ఈ మూడూ ఒకదాన్నొకటి కొట్టుకోవు. కానీ కొట్టుకోవడం లేదని ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. "మీరు చెప్పకపోతే గా కంపెనీ సార్ చెప్పిందే నిలబడ్తది. చూసేటోళ్లకు అట్ల కొట్లాడుకుంటున్నట్లే కనబడ్తది గదా."

"ఏం చెప్పాలె?"

"ఏది చెయ్యగలరు, ఏది చెయ్యలేరు, దేనికేం కావాలె. కాగితం మీద రాసుకరండ్రి. ఉన్నది ఉన్నట్లు. తక్కువ చెయ్యొద్దు, ఎక్కువ చెయ్యొద్దు."

ఆ మధ్యాహ్నం ఇంట్లో పాత డైరీ తీసి మధ్యలో నిలువు గీత గీశాను. ఎడమవైపు చేయగలిగినవి. కుడివైపు చేయలేనివి. ఎడమవైపు పేజీ నిండింది. కుడివైపు మూడు వరుసలు రాసి, ఫాల్ కుడుతున్న నా భార్యకు వినిపించాను.

"స్నానం సొంతంగా చేస్తనని రాసిండ్రా?" అంది సూది ఆపకుండా.

"చేస్త గదా."

"బకెట్ల నీళ్లు సగమే పోసి, చెంబు అందేతట్టు పీట మీద పెడ్తున్న. కింద పెట్టిన్నాడు మీరు వంగలేదు, నీళ్లు సల్లగయ్యేదాక నిలబడ్డరు."

నేను కొట్టేశాను.

"చెప్పులు?"

"వేసుకుంట."

"పొద్దున కుడి చెప్పు పట్టీ వదులు చేసి, గడప దిక్కు మలిపి పెడ్తున్న. గందుకే కాలు దూరుతున్నది."

నాకు తెలియదు. నిజంగా తెలియదు. నడవడం మొదలుపెట్టిన నాటి నుంచి ప్రతిరోజూ నా చెప్పులు సరైన దిక్కుకు ఎలా తిరిగి ఉంటున్నాయని నాకు అనుమానమైనా రాలేదు. మా తాతకు చెప్పులు పెట్టడానికి ఒక మనిషి ఉండేవాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆ మనిషి ఊరేదో, అతనికి పిల్లలెందరో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"గివన్నీ నాకెందుకు చెప్పలే?"

"చెప్తే చేయనిస్తరా?"

ఆమె కుట్టుపని పక్కన పెట్టి వచ్చి మంచం మీద కూర్చుంది. ఇద్దరం కలిసి మొదటి నుంచి రాశాం. ఆమె చెప్పింది, నేను రాశాను. నిలబడడం, ఇరవై నిమిషాలు. ఆ తరువాత తొడలో మంట, పెదవి కొరుక్కోవడం. పెదవి కొరుక్కోవడం రాయొద్దన్నాను, రాయించింది. వంగి నేల మీద వస్తువు తీయడం, కుదరదు. గొంతుక్కూర్చోవడం, కుదరదు. కూర్చుని రాయడం, ఎంతసేపైనా. ఏ బేరింగ్ ఏ ర్యాకులో ఉందో కళ్లు మూసుకుని చెప్పడం, కుదురుతుంది.

"గది పెద్దక్షరాలతోని రాయండ్రి," అంది. "మస్తు నిద్రల గూడ చెప్తరు మీరు, మూడో ర్యాకు, నాలుగో అర అనుకుంట."

ఆ పేజీ పూర్తయ్యేసరికి రెండువైపులూ దాదాపు సమానంగా వచ్చాయి. నాకు సిగ్గేసింది. కానీ గోడవైపు తిరగాలని అనిపించలేదు.

రెండో విచారణ రోజున లోపలికి పిలిచే ముందే వరండాలో ఆఫీసరు మా దగ్గరికి వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం.

"కేసులూ గొడవలూ ఎందుకండీ. పైవాళ్లతో మాట్లాడాను. మీరు ఈ లెటర్ ఇచ్చేస్తే సోమవారం నుంచి డ్యూటీకి వచ్చేయొచ్చండీ."

చదివాను. నాకు పూర్తిగా నయమైనది, ఎటువంటి వైకల్యమూ ఇబ్బందీ లేవు, మునుపటి వలెనే అన్ని పనులూ చేయగలను, పింఛను అర్జీ పొరపాటున ఇచ్చినది. కింద సంతకానికి చోటు. విశాలమైన చోటే వదిలారు.

నిజం చెప్పాలి. జీవితంలో నాకు అంతగా నచ్చిన కాగితం ఇంకొకటి లేదు. అందులో ఎవరి దయా లేదు. అడగడం లేదు. కర్ర కూడా లేదు. ఉద్యోగం ఉంది. నేను జేబులోంచి పెన్ను తీశాను. నా భార్య నా మొహంలోకి చూసి, నేను తూలకుండా కర్ర పట్టుకున్న నా చేతి కింద తన చెయ్యి పెట్టింది. మేము నిలబడి అప్పటికి ఇరవై నిమిషాలు దాటింది. నేను పెదవి కొరుక్కుంటున్నానని ఆమె మొహం చూశాకే నాకు తెలిసింది.

"స్టూలు సంగతి ఇందులో లేదు," అన్నాను.

"ఏ స్టూలండీ?"

"కూర్చుని రాసుకోవడానికి ఎత్తు స్టూలు. కింది అరల సామాను తీసివ్వడానికి ఒక మనిషి."

"పూర్తిగా నయమైందని రాశాక మళ్లీ స్టూలు ఎలా అడుగుతారండీ?"

అతడు ఎగతాళి చేయడం లేదు. సరైన ప్రశ్నే వేశాడు. నేను పెన్ను మూతపెట్టి ఆ లెటర్ అతడికి తిరిగి ఇచ్చాను. ఉద్యోగం అందినట్టే అంది పోయింది. పక్కనే ఉన్న లాయరమ్మ నా డైరీ తీసి చేతికిచ్చింది.

లోపల అధికారి ముందు నా డైరీ పేజీ నేనే చదివాను. లాయరమ్మ చదువుతానంది, వద్దన్నాను. చెప్పుల దగ్గరికి వచ్చాక ఆ వరుస రెండుసార్లు చదివాను. ఆ గదిలో నేను కాక నలుగురే ఉన్నారు గానీ నాకు ఊరంతా ఉన్నట్టే ఉంది. చదవడం అయ్యాక అర్జీ గురించి కూడా చెప్పాను. సంతకం నాదే, చదవకుండా పెట్టాను, నామోషీ వల్ల చదవలేదు. ఆ నెలలో పని చేయలేని మాట నిజం. ఏ పనీ ఎప్పటికీ చేయలేనన్నది నిజం కాదు. 'పరుల' అన్నది అసలే నిజం కాదు, ఆమె నా భార్య.

అధికారి రాసుకోవడం ఆపి వెనుక బెంచీ వైపు ఒకసారి చూశాడు. తరువాత ఆఫీసరును అడిగాడు.

"ఈయన అడిగేది ఒక స్టూలు, ఒక మనిషి సాయం. ఇవి ఇస్తే మీకొచ్చే కష్టమేమిటి?"

ఆఫీసరు ఫైలు మూశాడు. "ముందే అడిగి ఉంటే ఇచ్చేవాళ్లమండీ," అన్నాడు. అది పూర్తిగా నిజమో కాదో నాకు తెలియదు. అడగలేదన్నది మాత్రం నిజం. ఆయన అడగకపోయినా ఏం కావాలని అడగవలసింది మీరే కదా అని లాయరమ్మ అంది. దాని మీద కాసేపు వాదన నడిచింది. పైవాళ్లతో మాట్లాడి చెప్తానని ఆఫీసరు వెళ్లాడు. నాలుగు వారాలు ఏ కబురూ లేదు. ఆ నాలుగు వారాలూ వరండాలో నేను తిరిగి ఇచ్చిన లెటర్ నాకు కలలోకి వచ్చేది. తరువాత పనిలోకి తీసుకుని మూడు నెలలు చూస్తామంటూ, స్టూలు సంగతీ సాయం సంగతీ రాసి, కంపెనీ నుంచి కాగితం వచ్చింది. పింఛను అర్జీ సంగతి ఉద్యోగం నిలిచాక చూద్దామని లాయరమ్మ చెప్పింది.

మొదటి రోజు డ్యూటీ అయిపోయి ఇంటికి వచ్చేసరికి నా భార్య గడప దగ్గరే కూర్చుని ఉంది. నేను కూర్చున్నాక వంగి కుడి చెప్పు పట్టీ వదులు చేసింది. ఈసారి నేను చూస్తుండగానే చేసింది.

"స్టూలు ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు. ప్యాకింగ్ అక్క పొద్దున్నే తెచ్చి పెట్టింది. గీ గద్దె నీ కోసమే తుడిచిన పటేల్ సాబ్ అన్నది."

"కూసున్నరా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆమె నమ్మేది కాదు.

"పగటి బువ్వ దాంక నిలబడ్డ," అన్నాను. "అటెన్క కూసున్న."

ఆమె నా పాదం మీద చెయ్యి వేసి, వాపు ఎంతుందో వేలితో నొక్కి చూసింది.

"రేపు జర జల్దీ కూసోండ్రి," అంది.